84 ఊళ్లకు నగరం పడిన బాకీ

నీళ్లు పాడుచేయకుండా ఉన్నందుకు రైతుకు ఎదురు డబ్బివ్వాలా? హైదరాబాద్ జంట జలాశయాల గురించి మాట ఎక్కడ వచ్చినా ఈ ప్రశ్న లేస్తుంది. టీవీ చర్చల్లో, అపార్ట్‌మెంట్ సంఘాల మీటింగుల్లో, రిటైరైన ఇంజినీర్ల వ్యాసాల్లో ఇదే మాట. ఇవ్వక్కర్లేదన్న జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. కొందరు చట్టం చాలంటారు. తప్పు చేసినవాడికి జరిమానా వెయ్యాలిగానీ చేతిలో డబ్బు పెడతారా అంటారు. మరికొందరు కృష్ణా, గోదావరి నీళ్లు ఇంటి నల్లాలోకి వచ్చేశాక గండిపేటతో పనేముంది, ఆంక్షలు ఎత్తేసి రైతును తన భూమి తాను అమ్ముకోనివ్వండి అంటారు. ఈ రెండు వర్గాలూ ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి తిట్టుకుంటున్నాయి. కానీ రెండింటి అడుగున ఉన్న నమ్మకం ఒకటే. వాననీరు శుభ్రంగా చెరువుకు చేరడం దానంతటదే జరిగిపోతుందని, దానికోసం ఎవరూ చెమటోడ్చరని, ఎవరికీ నష్టం రాదని ఇద్దరూ అనుకుంటారు. ఆ నమ్మకం తప్పు. దాని ఖరీదు నగరం ఇప్పటికే కడుతోంది.

1908 సెప్టెంబరులో మూసీ వరద నగరాన్ని ముంచెత్తి వేలమందిని పొట్టన పెట్టుకున్న తర్వాత, మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో కట్టినవి ఈ జలాశయాలు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, 1920లో పూర్తయింది. ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో వచ్చింది. వరదను ఆపడానికి కట్టినవే నగరానికి తాగునీళ్లూ ఇచ్చాయి. గండిపేట నీళ్లు ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్ల దాకా పల్లానికి వాటంతటవే నడిచొస్తాయి. మోటారు అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి, ముందు దీనితో పనుంది.

1996 మార్చి 8న ప్రభుత్వం జీవో 111 ఇచ్చింది. రెండు జలాశయాల పరీవాహకంలో పది కిలోమీటర్ల మేర కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాకూడదన్నది దాని సారాంశం. మొయినాబాద్, శంకర్‌పల్లి, చేవెళ్ల, శంషాబాద్, షాబాద్ వంటి మండలాల్లోని 84 గ్రామాలు, సుమారు 1.32 లక్షల ఎకరాలు దాని కిందికి వచ్చాయి. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నూనె ఆధారిత పరిశ్రమ పెడతామని ఒక కంపెనీ వస్తే ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ముప్పు రుజువయ్యేదాకా ఆగడం కాదు, ముందే జాగ్రత్తపడాలని చెబుతూ 2000 డిసెంబరులో కోర్టు జలాశయాల పక్షానే నిలబడింది. ఆ తీర్పు మంచిది. దాన్ని నేను ఇప్పటికీ గౌరవిస్తాను. అయితే జీవో గానీ, తీర్పు గానీ, వాటి తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వం గానీ ఒక ప్రశ్న వేసుకోలేదు. లక్షల మంది తాగే నీటికోసం 84 ఊళ్ల వాళ్లు భూమిని పొలంగానే ఉంచాలంటున్నాం కదా, ఆ లోటు ఎవరు పూడుస్తారు?

ఎవరూ పూడ్చలేదు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టు సాగింది ఆ జీవో కథ. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, విమానాశ్రయం వచ్చింది, గచ్చిబౌలి నిండా అద్దాల మేడలు లేచాయి. 2023 ఆగస్టులో గండిపేట పక్కనే ఉన్న కోకాపేటలో ప్రభుత్వమే వేలం వేస్తే ఎకరం రూ.100 కోట్లు దాటింది. జీవో గీసిన గీతకు అవతల ఆ ధర. గీతకు ఇవతల కొత్తిమీర, టమాటా, బంతిపూలు పండించి తెల్లవారకముందే మెహదీపట్నం రైతుబజారుకో, గుడిమల్కాపూర్ పూల మార్కెట్టుకో బండి కట్టించుకునే రైతు. బిడ్డ పెళ్లికో ఆసుపత్రి ఖర్చుకో అతను ఎకరం అమ్ముకుంటే, కొన్నవాడు దాని చుట్టూ ప్రహరీ కట్టి ఫాంహౌస్ లేపాడు. ఫంక్షన్ హాళ్లు వచ్చాయి, రిసార్టులు వచ్చాయి, కాలేజీలు వచ్చాయి. వాటి మురుగు వాగుల్లోకి దిగింది. కాగితం మీద నిషేధం ఉన్నన్నాళ్లూ నేల మీద జరిగింది ఇదీ. చట్టం చాలు అనేవాళ్లకు ఇంతకన్నా వేరే జవాబు అక్కర్లేదు. పొలం చేస్తే గిట్టనిచోట పొలమే ఉండాలని శాసిస్తే, ఆ శాసనాన్ని ముందుగా ఓడించేది రైతు అవసరం, ఆ తర్వాత కొనేవాడి డబ్బు.

కలుషితం చేసేవాడే మూల్యం చెల్లించాలన్న సూత్రం నాకూ ఇష్టమే. ఫ్యాక్టరీ విషయంలో అది తిరుగులేనిది. అక్కడ ఒక గొట్టం ఉంటుంది, దాని కొసన నమూనా పట్టుకోవచ్చు, యజమాని పేరు మీద నోటీసు పంపొచ్చు. పొలం సంగతి వేరు. కూరగాయలు పండించే చోట వేసవి చివర్లో చూడండి. పొలం గట్టున, చాలాసార్లు వాగు ఒడ్డునే, కోళ్ల ఫారం నుంచి తెచ్చిన ఎరువు కుప్పగా పోసి ఉంటుంది. లారీ అక్కడిదాకే పోతుంది కాబట్టి అక్కడే దించారు. పైన కప్పు లేదు, కింద గచ్చు లేదు. తొలకరి గట్టిగా పడితే ఆ కుప్ప పాదంలోంచి టీ డికాక్షన్ రంగు నీళ్లు సన్నగా పారి వాగులో కలుస్తాయి. ఆ నీళ్లలో నత్రజని, భాస్వరం, పేడలో ఉండే సూక్ష్మజీవులు ఉంటాయి. వాగు వాటిని చెరువుకు మోస్తుంది. ఆ భాస్వరం తిని నాచు పెరుగుతుంది, గుర్రపుడెక్క అల్లుకుంటుంది. ఏ కుప్పలోంచి ఎంత పోయిందో ఏ ఇన్‌స్పెక్టరూ కొలవలేడు. వేల పొలాలు, వందల కాల్వలు, గంటసేపు వాన. ఎవరికి వేస్తారు జరిమానా?

ఆ కుప్పను వాగుకు వంద గజాల దూరంలో గచ్చు మీద, రేకుల కింద పోస్తే సమస్యలో పెద్ద భాగం తీరిపోతుంది. వాగు గట్టు దాకా దున్నకుండా పది మీటర్లు గడ్డికి వదిలితే ఇంకొంత తీరుతుంది. ఇవి రైతుకు తెలియని విద్యలు కావు. కానీ గచ్చుకూ రేకులకూ డబ్బవుతుంది, వదిలిన పది మీటర్లలో పంట పోతుంది. లాభం మాత్రం ముప్పై కిలోమీటర్ల దూరంలో నల్లా తిప్పేవాడిది. ఖర్చు ఒకరిది, ఫలం మరొకరిది అయినప్పుడు ఫలం అందుకునేవాడు ఖర్చు పంచుకోవడాన్ని దానమని ఎవరూ అనరు. పాలు పోయించుకుని డబ్బిచ్చినప్పుడు పాలవాడికి బహుమానం ఇచ్చామనుకోం కదా.

ప్రజల సొమ్ము రైతుకివ్వడం దండగనేవాళ్లు ఇంకో సంగతి చూడటం లేదు. ఇస్తూనే ఉన్నాం. 45 కిలోల యూరియా బస్తా రైతుకు రూ.266.50కు అందుతోంది. దాని అసలు ఖర్చు అంతకు ఎన్నో రెట్లు. తేడా అంతా ఖజానా భరిస్తుంది. అంటే నేలలోకి నత్రజని ఎక్కువగా పోయడానికి మనం లక్షల కోట్లు వెచ్చిస్తూ వచ్చాం, దాన్ని తక్కువగా పోసినవాడికి ఇవ్వడానికే చేతులు రావడం లేదు. ఫలితం భూగర్భంలో కనిపిస్తోంది. కేంద్ర భూగర్భజల మండలి 2024 నివేదిక ప్రకారం దేశంలో ఐదో వంతు నమూనాల్లో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాముల పరిమితి దాటింది. తెలంగాణలో అది నాలుగో వంతుకు పైనే. మురుగుకు కూడా అందులో వాటా ఉంది. నైట్రేట్ రంగూ రుచీ లేనిది, మరిగిస్తే పోయేది కాదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్లలో ఇంకా చిక్కబడుతుంది. మామూలు ఇసుక ఫిల్టరు దాన్ని పట్టలేదు. పసిపిల్లల రక్తంలో ప్రాణవాయువును మోసే శక్తిని దెబ్బతీస్తుంది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన పెద్దలు అన్నది ఇలాంటి చోటే.

న్యూయార్క్ నగరం ఇదే చిక్కులో పడి బయటపడింది. ఆ కథను కాస్త వివరంగా చెబుతాను. ఎందుకంటే దాన్ని మనవాళ్లు తరచూ సగమే చెబుతారు.

న్యూయార్క్ తాగే నీటిలో సుమారు 90 శాతం హడ్సన్ నదికి పడమర ఉన్న క్యాట్‌స్కిల్, డెలావేర్ పరీవాహకాల నుంచి వస్తుంది. కొండలు, అడవులు, వాటి మధ్య పాడిరైతుల పొలాలు. 1989లో అమెరికా పర్యావరణ సంస్థ నిబంధన తెచ్చింది. ఉపరితల జలాలు వాడే నగరాలు వడపోత కేంద్రం కట్టాలి, లేదా పరీవాహకాన్ని కాపాడుతున్నామని రుజువు చేసుకోవాలి. వడపోత కేంద్రానికి 600 నుంచి 800 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా. నడపడానికి ఏటా అయ్యే ఖర్చు వేరు. దాంతో నగరం మొదట మనలాగే ఆలోచించింది. 1990లో రైతుల మీద కఠిన నిబంధనల ముసాయిదా తయారుచేసింది. కొండ ఊళ్లు భగ్గుమన్నాయి. అవి అంతకుముందే గాయపడిన ఊళ్లు. నగరం జలాశయాలు కట్టేటప్పుడు ఆ లోయల్లో పల్లెలనే ముంచేసింది. ఇప్పుడు మళ్లీ మా పాడి మీద పడ్డారా అని రైతులు ఎదురుతిరిగారు.

నగర పర్యావరణ విభాగానికి అప్పట్లో అధిపతి ఆల్ ఆపిల్టన్. ముసాయిదాను పట్టుకుని వేలాడకుండా ఆయన రైతులతో కూర్చున్నాడు. నెలల తరబడి మాటలు నడిచాయి. వచ్చిన ఒప్పందం ఇదీ: నీటి కార్యక్రమాన్ని రైతుల మండలే నడుపుతుంది, ఖర్చు నగరం భరిస్తుంది, చేరడం రైతు ఇష్టం. కానీ ఐదేళ్లలో 85 శాతం పొలాలు చేరకపోతే నిబంధనలు తిరిగి తలెత్తుతాయి. లక్ష్యం దాటింది. ఒక్కొక్క పొలానికీ విడిగా ప్రణాళిక రాశారు. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి ఎక్కువగా లేగదూడల పేడలోంచి వస్తుంది. అందుకని దూడల పాకను వాగు దగ్గర్నుంచి జరిపి గాలి వెలుతురు ఉండేలా కట్టించారు. కొట్టం ముందు గచ్చు వేయించారు. పైకప్పు మీది వాననీరు పేడలో పడకుండా పక్కకు మళ్లించారు. ఆవులు వాగులో దిగకుండా కంచె వేసి, దాటడానికి చిన్న వంతెన కట్టి, తాగడానికి తొట్టి పెట్టారు. రైతుకు ఇవన్నీ ఆవు ఆరోగ్యానికీ పనికొచ్చే పనులే, అందుకే చేరాడు. 1997 జనవరిలో పరీవాహక ఊళ్లన్నిటితో విస్తృత ఒప్పందం కుదిరింది. ఊళ్ల మురుగుశుద్ధి కేంద్రాలకు, ఇళ్ల సెప్టిక్ ట్యాంకులకు కూడా నగరమే డబ్బిచ్చింది. భూమిని బలవంతంగా తీసుకోం, ఇష్టపడి అమ్మేవారి దగ్గరే కొంటాం అని రాసిచ్చింది. ఈ రోజుకీ ఆ నీళ్లకు క్లోరిన్, అతినీలలోహిత కిరణాల శుద్ధి తప్ప వడపోత కేంద్రం లేదు.

మనవాళ్లు వదిలేసే సగం క్రోటన్ సంగతి. అదే నగరానికి హడ్సన్ తూర్పున క్రోటన్ అని ఇంకో పాత పరీవాహకం ఉంది. నగరానికి దగ్గర. అక్కడ పొలాలు పోయి శివారు కాలనీలు వచ్చాయి. నీటి నాణ్యత పడిపోయింది. చివరికి 2015లో బ్రాంక్స్ ప్రాంతంలో, భూమి కింద, 300 కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో వడపోత కేంద్రం తెరవాల్సి వచ్చింది. నగర నీటిలో పదో వంతు ఇచ్చే పరీవాహకానికి ఆ ఖర్చు. పొలం ఉన్న వైపు ఒక లెక్క, పొలం పోయిన వైపు ఇంకో లెక్క, ఒకే నగరపు పద్దు పుస్తకంలో పక్కపక్కనే ఉన్నాయి. పోనీ వడపోత కేంద్రం ఉంటే నిశ్చింతా అంటే అదీ లేదు. 1993లో మిల్వాకీ నగరంలో వడపోత కేంద్రం ఉండగానే అదే క్రిప్టోస్పోరిడియం దాటుకుని వచ్చి నాలుగు లక్షల మందికి పైగా జబ్బుపడ్డారు.

ఇక రెండో వాదన. బయటి నీళ్లు వచ్చాయి కాబట్టి జంట జలాశయాలు అక్కర్లేదట. 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన జీవో 69 ఆంక్షలు ఎత్తేయడానికి చూపిన కారణం ఇదే. నగర నీటిలో వీటి వాటా ఒకటింపావు శాతానికి లోపే అంది. అదే జీవో, జలాశయాల నీటి నాణ్యత మాత్రం దెబ్బతినకూడదని షరతు పెట్టింది. చుట్టూ కాలనీలు వస్తే ఆ షరతు ఎలా నిలబడుతుంది? వాటా తగ్గింది నిజమే. ఆ తగ్గుదల చెరువు తప్పు కాదు, మనం వాడకం తగ్గించాం. కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ వైపు నుంచి వందకు పైగా కిలోమీటర్లు, గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి ఇంకా ఎక్కువ దూరం, మెట్టుమెట్టుకూ మోటార్లతో ఎత్తిపోస్తే వస్తున్నాయి. ఆ కరెంటు బిల్లు ప్రతి నెలా వస్తుంది, ప్రతి తరానికీ వస్తుంది. పల్లానికి వాటంతటవే నడిచొచ్చే నీళ్లను వదులుకుని దీన్ని ప్రగతి అనడం నాకు మింగుడుపడదు.

2025 సెప్టెంబరులో గండిపేట దగ్గరే ఒక పథకానికి శంకుస్థాపన జరిగింది. రూ.7,360 కోట్లతో మల్లన్నసాగర్ నుంచి 20 టీఎంసీల గోదావరి నీళ్లు తెస్తారు. వాటిలో రెండున్నర టీఎంసీలు మూసీ పునరుజ్జీవం కోసం జంట జలాశయాల్లో నింపుతారు. అక్కర్లేదని పక్కనపెట్టిన చెరువులు మళ్లీ కావలసివచ్చాయన్నమాట. సంతోషం. కానీ అంత దూరం నుంచి తెచ్చిన నీళ్లను ఏ పరీవాహకం మధ్య నిలబెడతాం? చుట్టూ ఉన్న వాగుల్లోంచి మురుగు దిగుతుంటే గోదావరి నీళ్లయినా ఎన్నాళ్లు శుభ్రంగా ఉంటాయి? అదే నెల చివర్లో గేట్లు ఎత్తితే మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్‌స్టేషన్ మునిగింది. 1908 నాటి భయం ఇంకా పాతబడలేదు. పొలం వానను కొంత తాగి, కొంత ఆపి, మెల్లగా వదులుతుంది. సిమెంటు ఆ పని చేయలేదు. కాబట్టి రైతుకిచ్చే డబ్బు తాగునీటికే కాదు, వరద కాపలాకూ ఇచ్చినట్టే.

ఎంత డబ్బు? లెక్క కట్టి చూద్దాం. రైతు భరోసా కింద ఎకరాకు ఏడాదికి రూ.12,000 ఇస్తామని ప్రభుత్వం చెప్పింది. 84 గ్రామాల మొత్తం 1.32 లక్షల ఎకరాలకు, అందులో సాగులో లేని భూమిని కూడా కలిపేసి, దానికి అదనంగా అంతే మొత్తం నీటి పేరున ఇచ్చినా ఏడాదికి రూ.158 కోట్లు. గోదావరి పథకంలో జంట జలాశయాలకు వెళ్లే ఎనిమిదో వంతు నీటికి ఖర్చులోనూ ఎనిమిదో వంతు వేసుకుంటే రూ.920 కోట్లు. అంటే ఒక గొట్టపు మార్గంలో చిన్న భాగానికయ్యే పెట్టుబడితో మొత్తం పరీవాహకాన్ని దాదాపు ఆరేళ్లు నిలబెట్టొచ్చు. సహజ సేద్యం జాతీయ మిషన్ ఎకరాకు ఏటా రూ.4,000 చొప్పున రెండేళ్లు ఇస్తోంది కూడా. దారి కొత్తది కాదు, దాన్ని నీటితో ముడిపెట్టడమే జరగలేదు.

ఎకరం కోట్లు పలికే చోట పన్నెండు వేలకు ఎవడు ఆగుతాడని అడుగుతారు. ఇది గట్టి ప్రశ్నే, దీన్ని దాటవేయను. కోకాపేట ధర చేవెళ్ల అవతల లేదు గానీ, ఏడాదికింత అన్న చెల్లింపు ఒక్కటే ఎక్కడా చాలదు. న్యూయార్క్ ఏటా ఇచ్చేదానితో ఆగలేదు. పొలాన్ని పొలంగానే ఉంచుతానని శాశ్వతంగా రాసిచ్చిన రైతు దగ్గర, కట్టడాలు కట్టే హక్కును మాత్రం డబ్బిచ్చి కొన్నది. భూమి రైతు పేరునే ఉంటుంది, సాగు సాగుతుంది, వారసుడికీ అదే షరతు. మన దగ్గర రోడ్లకోసం స్థలం పోగొట్టుకున్నవారికి వేరేచోట అదనపు అంతస్తుల హక్కు ఇచ్చే పద్ధతి ఉంది. దాన్ని 84 ఊళ్లకు వర్తింపజేస్తే, కోకాపేటలో ముప్పై నలభై అంతస్తులు లేపే బిల్డరు ఆ హక్కు కోసం చేవెళ్ల రైతుకు డబ్బు కట్టాలి. అప్పుడు ఖజానా మీద కూడా భారం తగ్గుతుంది.

డబ్బిచ్చి ఊరుకుంటే చాలని నేననడం లేదు. అమెరికాలోనే ఐయోవా రాష్ట్రంలో పైనున్న మొక్కజొన్న పొలాల నైట్రేట్‌తో విసిగి, డెమోయిన్ నగర నీటి సంస్థ 2015లో మూడు కౌంటీల మురుగుకాల్వల సంఘాల మీద కోర్టుకెక్కింది. 2017లో కేసు కొట్టేశారు. మరోవైపు ప్రభుత్వం రైతులను స్వచ్ఛందంగా మారమని కోరుతూ, అక్కడక్కడా సాయం ఇస్తూ వచ్చింది. గడువు లేదు, కట్టుబాటు లేదు. 2025 వేసవిలో ఆ నగరం నైట్రేట్‌తో సతమతమై ఇళ్ల ముందు పచ్చికకు నీళ్లు పెట్టొద్దని ఆంక్ష పెట్టుకోవాల్సి వచ్చింది. కేసు ఒక్కటే పనిచేయలేదు, షరతు లేని డబ్బూ పనిచేయలేదు. క్యాట్‌స్కిల్‌లో ఆ 85 శాతం షరతు ఉంది కాబట్టే ఒప్పందం నిలిచింది. వాగు నీళ్లు ప్రతి వర్షాకాలం పరీక్షించి, ఫలితం గ్రామసభలో చదివి, ఆ వాగు పరిధిలోని రైతులందరికీ ఉమ్మడిగా చెల్లింపు పెంచడమో తగ్గించడమో చేయాలి. ఒక్కొక్కరి తప్పు పట్టుకోలేనిచోట పక్క పొలంవాడి కన్ను ఇన్‌స్పెక్టరు కన్నా నమ్మకమైనది.

ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్లాలన్నదే అన్నిటికన్నా పెద్ద చిక్కు. రైతుబంధు పాసుపుస్తకం చూసి ఇచ్చారు. మొయినాబాద్‌లో పాసుపుస్తకం చాలాచోట్ల బంజారాహిల్స్‌లో ఉండే పెద్దమనిషి బీరువాలో ఉంటుంది. ఆ భూమిలో కొత్తిమీర విత్తేది, ఎరువు ఎక్కడ దించాలో నిర్ణయించేది కౌలుదారు. అతని పేరు ఏ రికార్డులోనూ లేదు. ఫాంహౌస్ యజమానికి ఈత కొలను పక్కన పచ్చిక ఉన్నందుకు నీటి డబ్బు ఇస్తే, ఈ వ్యాసంలో నేను ఖండించినవాళ్లంతా రేపు నెగ్గుతారు, నెగ్గడం న్యాయం కూడా. కాబట్టి పథకం ప్రకటించే ముందు ఈ 84 ఊళ్లలో ఎవరు దున్నుతున్నారో పంట పంటకూ ఊళ్లోనే కూర్చుని రాయాలి. పట్టాదారు సంతకం అడగకుండా కౌలుదారు ఖాతాలోకి చెల్లింపు పోయే వెసులుబాటు చట్టంలో ఉండాలి. వాగు ఒడ్డున గచ్చు వేయడానికి భూయజమాని ఒప్పుకోకపోతే ఏం చేయాలో కూడా అందులోనే రాయాలి. జలమండలి తన బడ్జెట్‌లో మోటార్ల కరెంటుకు ఒక పద్దు రాస్తుంది. దాని కిందే పరీవాహక రైతులకు అని ఇంకో పద్దు పడాలి, వచ్చే వానాకాలం లోపు.